ముడి తప్పిన పేగు

పొద్దున ఆరున్నరకు జైనాబ్ బీ గెస్టుహౌసు వెనక కొళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుందంటే ఆ చుట్టుపక్కల ఎవరూ నోరు తెరవరు. తోటమాలి సుబ్బయ్యకు దగ్గొస్తే గేటు దాకా పోయి దగ్గి వస్తాడు. పాలాయన బండి ఇంజను ఆపేసి తోసుకుంటూ వస్తాడు. ఆమె చేతిలో పొట్టేలు పేగులుంటాయి మరి.

పేగును తిరగేసి, కత్తి వెనకవైపుతో గీకి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, జానా బెత్తెడు ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకు ఒక కొస దారంతో బిగించి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదుతుంది. చిల్లి ఉంటే బుస్సుమని గాలి పోతుంది. లేకపోతే నిగనిగలాడుతూ లేస్తుంది. అప్పుడు రెండు చుట్లు చుట్టి ముడి. ఊదడానికీ ముడికీ మధ్య ఒక్క ఊపిరంత సేపు. ఆ సేపట్లో చుట్టూ ఏ చప్పుడుంటే అది పేగులో చిక్కుకుంటుంది. తర్వాత మొదటి కొస విప్పి గాలి వదిలేసినా ఆ చప్పుడు పోదు. కుండలో వేస్తే ఉప్పు దాన్ని పట్టుకుంటుంది. ఎన్ని నెలలకైనా సరే, అందులో మాంసం కూరి నిప్పుల మీద పెట్టినప్పుడు తోలు పగిలి బయటికొస్తుంది. ఒక్కసారే వస్తుంది, మళ్ళీ రాదు. ఆమె అమ్మ కట్టిన పేగులూ అంతే, అమ్మమ్మ కట్టినవీ అంతే.

నిప్పుల మీద పెట్టకముందే తుమ్మ ముల్లుతో నాలుగు పోట్లు పొడిస్తే తోలు పగలదు. లోపలున్నది ఆవిరితో కలిసి చల్లగా జారిపోతుంది. అతిథులకు పెట్టేవి పొడవాలని మేనేజరు రంగనాథ్ ఆజ్ఞ. కిందటేడు ఒకటి పొడవడం మరిచిపోతే, చెన్నై నుంచి వచ్చిన పెద్దమనుషుల ముందర అది పగిలి, "ఈ మేనేజరుకు ఉప్పెక్కువా కారమెక్కువా కాదు, పొగరెక్కువ" అని సుబ్బయ్య గొంతుతో పలికింది. సుబ్బయ్యకు అప్పటినుంచే దగ్గు గేటు దాకా పోయింది.

ఇక్కడ ఈ వంట ఎలా మొదలైందో రంగనాథ్ ప్రతి అతిథికీ చెప్తాడు. మంగంపేటకు అవతల, ఈ చిన్న ముగ్గురాయి గని పక్కన, రాయిని పిండి చేసే మిల్లు బిగించడానికి నాలుగేళ్ళ కింద జర్మనీ నుంచి కార్ల్ అనే ఇంజనీరు వచ్చాడనీ, వాళ్ళ ఊరి సాసేజి చేయడం మా వంటామెకు నేర్పాడనీ. ఆయన నేర్పింది జాజికాయ వేయడం, మాంసం రుబ్బేటప్పుడు ఐసుముక్కలు కలపడం. పేగు కడగడం, ఊదడం, పగలకుండా కూరడం ఆమె ఆయనకు నేర్పింది. ఆ సంగతి రంగనాథ్ ఎవరికీ చెప్పడు.

ఈ పొద్దు సాయంత్రం జర్మనీ వాళ్ళు ముగ్గురు వస్తున్నారు. ఏడాది పొడుగునా ఇక్కడి పిండి కొంటామని ఒప్పందం మీద సంతకాలు. వేసవి కదా, వాళ్ళ పద్ధతిలో ఆరుబయట నిప్పులు పోసి సాసేజీలు కాలుద్దామని రంగనాథ్ పథకం వేశాడు. వాళ్ళ వేసవి వేరు. కడప జిల్లాలో మే నెలలో పొద్దుగూకే ముందు నిప్పుల పక్కన నిలబడి తినడాన్ని పండగ అనుకునేవాడు ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడే అయ్యుండాలి.

తొమ్మిదింటికి రంగనాథ్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"ఏం జైనాబీ, మాంసం వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఇది నీ మొగునికి సదివి వినిపించు. వినిపించలేవు గదా, చూపించు. సాయంత్రం ఆరింటికి వాళ్ళ ముందర నిలబడి సంతకం పెట్టల్ల."

ఆమె చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. అయిదో తరగతి దాకానే చదివింది, కానీ పొట్లాలు కట్టి వచ్చిన కాగితం ముక్కలన్నీ చదివి చదివి ఇప్పుడు ఏదైనా చదవగలదు. "ఆ దినం నాకు కునుకు పట్టింది. సైరన్ తిప్పలేదు. ఓబులేసు చావుకు బాధ్యత నాదే. ఇట్లు, నూర్ బాషా."

"ఇది పోలీసులకు పోతాది గదా సార్?"

"పోతాది. ఏడాదో రెండేండ్లో లోపలుండి వస్తాడు. నీ వంటపని నీకుంటాది, ఇల్లు నీకుంటాది. వాళ్ళ దేశంలో చట్టం మారిందంట. మనిషి సచ్చిన గని నుంచి సరుకు కొనాలంటే తప్పు యాడ జరిగిందో తేల్చి చూపించాలంట. తేల్చి చూపిస్తాండాం."

"పెట్టకపోతే?"

"తాగి పడిపోయినాడని ఇద్దరు సాక్ష్యం చెప్తారు. అప్పుడు అన్నీ పోతాయి." రంగనాథ్ వెనక్కి తిరిగి మళ్ళీ ఆగాడు. "ఇంగోమాట. ప్రతిదీ ముల్లుతో పొడిచినావో లేదో ఓబులమ్మ చూస్తాది. నీ మీద ఆమెకున్న కోపం ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ఆమె చూస్తే నాకు నమ్మకం."

నలభై రోజుల కింద, ఏప్రిల్ నెల శుక్రవారం. గనిలో మందు పేల్చే ముందు చేత్తో తిప్పే సైరన్ మూడుసార్లు కూస్తుంది. ఆ తర్వాత మూడు నూర్లు లెక్కపెట్టి మీట నొక్కాలి. ఆ సందులో గుంతలోని వాళ్ళు పైకొచ్చేస్తారు. పద్నాలుగేళ్ళుగా సైరన్ తిప్పేది నూర్ బాషా. ఆ రోజు మీట రంగనాథ్ చేతిలో ఉంది, లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఆయన తొందరలో ఉన్నాడు. పేలుడుకు డ్రిల్లింగు మనిషి, ఓబులమ్మ మొగుడు ఓబులేసు గుంతలోనే చచ్చిపోయాడు. సైరన్ మోగనే లేదని రంగనాథ్ చెప్పాడు. మోగిందని గనిలో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళకు మరునాడు పనుండదు. ఊళ్ళో అడిగితే, రోజుకు రెండుసార్లు కూసేదాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారన్నారు. సైరన్ దిమ్మె దగ్గరే పడిపోయి ఉన్న నూర్ బాషాకు రెండు చెవులూ పోయాయి. చెవులతోపాటు ఆ పొద్దు కూడా పోయింది.

అతను వంటింటి వెనక రేకుల నీడలో, నాపరాయి అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. జైనాబ్ కాగితం చేతికిచ్చింది. చదివాడు. సుద్దముక్కతో ఆమె నల్లటి నాపరాయి మీద రాసింది: పెట్టొద్దు.

"పెట్టకుండా?" చెవులు పోయినప్పటినుంచి అతని గొంతు పెద్దదైంది. "నాకు యాడ గుర్తుంది జైనబూ? పొద్దున సద్ది తిన్నది గుర్తుంది. ఓబులేసు నా టోపీ లాక్కొని ఎగతాళి చేసింది గుర్తుంది. ఆ తర్వాత ఆస్పత్రిలో పంకా. నడుమ ఏమీ లేదు."

ఆమె రాసింది: నువ్వు నిద్రపోయే మనిషివి కాదు.

"ముందు దినం రెండు షిఫ్టులు చేసినా. కునుకు పట్టిందేమో! తిప్పినానని ఓబులమ్మ మొగం చూసి చెప్పమంటావా? తెలీని దాన్ని తెలుసునని ఎట్ల చెప్పేది? తప్పు చేయలేదని అల్లా మీద ఒట్టేసి చెప్పలేనప్పుడు, చేసినానని ఒప్పుకునేదే నయం. ఆయమ్మకన్నా ఒక జవాబు దొరుకుతాది."

జైనాబ్ సుద్దముక్క కింద పెట్టేసింది. ఆమె దగ్గర రాయని మాట ఇంకొకటి ఉంది. అది ఉప్పుకుండ అడుగున ఉంది.

ఆ శుక్రవారం ఆమె కొళాయి దగ్గరే ఉంది. ఒక పేగు ముక్క ఊది, ముడి వేస్తుంటే భూమి అదిరింది. చెయ్యి జారింది. రెండు చుట్ల ముడి ఒంటి చుట్టుతోనే బిగిసింది. అన్నీ వదిలేసి గని వైపు పరిగెత్తింది. మూడోరోజు తిరిగి వచ్చి, సుబ్బయ్య ఉప్పులో వేసి పెట్టిన పేగుల్లో ఆ ముడి చూసి, చెయ్యి కాలినట్టు కుండ అడుగుకు తోసేసింది.

సైరన్ మోగితే అందులో ఉంటుంది. మోగకపోతే అదీ తెలిసిపోతుంది. ఊదేటప్పుడు గాలికి ఆమె చెవులు మూసుకుపోతాయి, అప్పుడు తను ఏమి విన్నదో తనకే తెలియదు. పరీక్షగా ఒకసారి కాల్చి చూసుకుందామంటే ఒక్కసారే పలుకుతుంది. ఒంటరిగా వింటే ఎవరు నమ్ముతారు? నలుగురిలో వింటే, అందులో కొళాయి నీళ్ళ చప్పుడు, పేలుడు తప్ప ఇంకేమీ లేకపోతే? మొగుణ్ణి జైలుకు పంపింది తన చేతి ముడే అవుతుంది. నలభై రోజులు ఆమె ఆ కుండలో చెయ్యి పెట్టినప్పుడల్లా పైన పైనే వెతుక్కుంది.

ఈ పొద్దు కుండ ఖాళీ కావాలి. అతిథులు, ఆఫీసువాళ్ళు, మేస్త్రీలు కలిపి నలభై మంది.

మధ్యాహ్నానికి మాంసం రుబ్బి, మిరియాలు, జాజికాయ, వెల్లుల్లి కలిపి, గరాటుతో కూరడం మొదలుపెట్టింది. ఒకటొకటే పళ్ళెంలో పడుతున్నాయి. అడుగున వేళ్ళకు ఒంటి చుట్టు ముడి తగిలింది. కళ్ళు మూసుకుని కడిగింది, కూరింది, మొదటి కొస బిగించింది. పళ్ళెంలో మిగతావాటి పక్కన అదీ ఒక సాసేజిలాగే ఉంది. మిగతా అన్నింటినీ ముల్లుతో పొడిచింది. దాని దగ్గరకొచ్చేసరికి ముల్లు ఆగింది.

మూడింటికి ఓబులమ్మ వచ్చింది. వంటింట్లో పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన పని చేసిన మనిషి, వరసకు కాకపోయినా నోటికి వదిన. నలభై రోజులుగా జైనాబ్ ముఖం చూడలేదు. ఇప్పుడూ చూడలేదు. ఒక్కో సాసేజీని కిటికీ వెలుతురుకెత్తి, పోట్ల దగ్గర ఊరిన తడిని చూసి ఇంకో పళ్ళెంలో పెడుతోంది. ఒకదాన్ని ఎత్తి, తిప్పి, మళ్ళీ తిప్పింది.

"ఇది పొడవలేదే."

"పొడవలేదు."

"ఏం? సార్‌ను పిలవల్నా?"

"ముడి సూడు."

ఓబులమ్మ చూసింది. "ఒంటి చుట్టు. నీ చెయ్యి ఎప్పుడూ ఇట్ల కట్టదే."

"కడతాంటే భూమి అదిరింది."

బయట సుబ్బయ్య బొగ్గుల మూటలు దింపుతున్నాడు. ఓబులమ్మ సాసేజీని పళ్ళెంలో పెట్టలేదు. చేతిలో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

"దీంట్లో ఏముండాది?"

"తెలీదు వదినా. అల్లా తోడు, నాకు తెలీదు. సైరన్ విన్నానా లేదా అని నలభై దినాలుగా నన్ను నేనే అడుక్కుంటాండా."

"నీ మొగుడు నిద్రపోయుంటే?"

"అదీ అందరికీ తెలుస్తాది."

"నా మొగుడు సచ్చిన చప్పుడు మళ్ళీ నా చెవులతో నన్ను వినమంటాండావు!" ఓబులమ్మ గొంతు లేచి పగిలింది. "నీకేం. నీ మొగుడు అరుగు మీద కూచోనుండాడు. చెవుల్లేకుంటే ఏమి, మనిషుండాడు. నాకు ఎవరుండారు? మాట్లాడల్లంటే నాకు మిగిలింది ఎవరి మీదనో ఒకరి మీద కోపం. అది కూడా లాక్కుంటావా?"

జైనాబ్ తుమ్మ ముల్లు తీసి ఓబులమ్మ అరచేతిలో పెట్టింది.

"నీ ఇష్టం. పొడువు, లేదా పెట్టు. నేను మాత్రం పొడవలేను, పెట్టనూ లేను."

"అన్నీ సూసినావా ఓబులమ్మా?" వరండాలోంచి రంగనాథ్ అరిచాడు.

ఓబులమ్మ ముల్లు వైపు చూసింది. చేతిలోని సాసేజి వైపు చూసింది. ముల్లును కొప్పులో గుచ్చుకుంది.

"సూసినా సార్."

అయిదున్నరకు కూడా ఎండ తగ్గలేదు. వేపచెట్ల కింద నిలువునా కోసిన ఇనప పీపాలో బొగ్గులు ఎర్రబడ్డాయి. కుర్చీలు, తెల్లగుడ్డ వేసిన బల్ల, చల్లటి సీసాలు. జర్మనీ వాళ్ళలో పెద్దామె పేరు హెల్గా. చెమటతో చొక్కా వీపుకు అతుక్కున్నా, టోపీ తీయకుండా, ఇచ్చిన ప్రతి కాగితాన్నీ చివరిదాకా చదువుతోంది. ఆమె పక్కన కడప నుంచి వచ్చిన సాహితి. జర్మన్ భాష నేర్చుకుని దుబాసీ పని చేసే పిల్ల, మాట పొల్లుపోకుండా అటూ ఇటూ అందిస్తోంది.

ఓబులమ్మ పట్టకారుతో సాసేజీలు పేర్చింది. ఒంటి చుట్టు ముడి ఉన్నదాన్ని అన్నిటికంటే చివర, నిప్పు సన్నగా ఉన్న అంచున పెట్టింది. ఇంకా మనసు తేల్చుకోలేదు. మిగతావి చిటపటలాడాయి, పోట్లలోంచి ఆవిరి లేచింది, ఆవిరితోపాటు ఎవరివో గుసగుసలు, ఒక కోడి కూత సగం, ఏదో నవ్వు గాలిలో కలిసిపోయాయి. ఎవరూ తల తిప్పలేదు.

"తెరవండి తెరవండి, బీర్లు తెరవండి," అంటూ రంగనాథ్ పళ్ళెం పట్టుకుని పీపా దగ్గరికి వచ్చాడు. "నేనే వడ్డిస్తా. ఆ అంచునది బాగ కాలినట్టుండాది, ఇట్లియ్యి."

జైనాబ్ ఒక అడుగు ముందుకేసింది.

"అది పచ్చి సార్," అంది ఓబులమ్మ, పట్టకారు అడ్డం పెట్టి. "ఇంగా కాలల్ల." అని, దాన్ని అంచు నుంచి తీసి నడిమధ్యన, బొగ్గులు తెల్లగా మండేచోట పెట్టింది.

రంగనాథ్ ఇంకొకటి వేసుకుని పోయాడు. గడియారం చూసుకుని నూర్ బాషాకు సైగ చేశాడు. నూర్ బాషా ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బల్ల దగ్గరికి నడిచాడు. కాగితం ముందర పెట్టారు. సాహితి దాన్ని చదివి జర్మన్‌లో చెప్పింది. హెల్గా ఏదో అడిగింది.

"ఇది మీరే మీ ఇష్టంతో రాస్తాండారా అని అడుగుతాంది," అంది సాహితి.

"ఆయనకు వినిపించదు," అన్నాడు రంగనాథ్. "ఒప్పుకున్నాడు. పెట్టప్పా." పెన్ను అతని వేళ్ళ మధ్య పెట్టాడు.

పీపాలో ఆ సాసేజి ఉబ్బుతోంది. ఉబ్బుతోంది గానీ పగలదు. కింద చర్మం గోధుమరంగు తిరిగింది, పైన నిగనిగలాడింది. కూరేటప్పుడు గాలి ఎక్కువ తీసేశానేమో అని జైనాబ్ భయం. పెన్ను కాగితం మీదికి దిగింది. నూర్ బాషా ఒక్కసారి తలెత్తి ఓబులమ్మను చూశాడు, క్షమించమన్నట్టు. పెన్ను ఆనించాడు.

తోలు పగిలింది.

ముందు కొళాయి నీళ్ళు కారే చప్పుడు. ఒక కాకి. ఆ వెంటనే, ఎక్కడో గని వైపు నుంచి, దిగుతూ దిగుతూ ఉన్న సైరన్ కూత తోక. అది ఆగింది. మళ్ళీ ఇంకో కూత లేవడం మొదలైంది, చెయ్యి తిప్పుతుంటే పైకి, ఇంకా పైకి, వేపచెట్ల మీది పిట్టలన్నీ ఎగిరిపోయేంత పైకి.

గని మనుషులందరూ ఆలోచించకుండా నేలమీద బోర్లా పడి తలల మీద చేతులు పెట్టుకున్నారు. పళ్ళేలు, సీసాలు పడిపోయాయి. రంగనాథ్ తెల్లగుడ్డ బల్ల కిందికి దూరాడు. సైరన్ మోగలేదని నలభై రోజులు చెప్పిన మనిషి, దాని గొంతును మిగతా అందరిలాగే గుర్తుపట్టాడు.

కూత ఇంకా పైకి పోతూనే ఉంది. దాని నడుము మీద పేలుడు పడింది.

పీపాలో బొగ్గులు ఎగిరిపడ్డాయి. ఆ వెంటనే రాళ్ళు వానలా రాలే చప్పుడు, అంతలోనే తెగిపోయింది. ఆ చప్పుడు ఆగేదాకా ఓబులమ్మ నిప్పుల ముందరే నిలబడింది. చెవులు మూసుకోలేదు.

"రెండో కూత," అన్నాడు నేలమీద పడి ఉన్న యేసుప్రసాద్ మేస్త్రి, ముఖం ఎత్తకుండా. "రెండో కూత అయిపోకముందే..."

హెల్గా లేచి నిలబడింది. ఆమె అడిగినదాన్ని సాహితి తెలుగులో అడిగింది: "ఎన్ని కూతలుండల్ల?"

"మూడు. ఆ తర్వాత మూడు నూర్లు లెక్కపెట్టల్ల. అప్పుడు మీట," అన్నాడు యేసుప్రసాద్.

"మీట ఎవరి చేతిలో ఉండె?"

ఎవరూ పేరు చెప్పలేదు. అందరూ బల్ల వైపు చూశారు. రంగనాథ్ గుడ్డ ఎత్తుకుని బయటికొచ్చాడు, మోకాళ్ళకు మట్టి.

"పేగు పలికింది సాక్ష్యమా? ఏ కోర్టు ఒప్పుకుంటాది?"

యేసుప్రసాద్ లేచి చొక్కా దులుపుకున్నాడు. "పేగు సంగతి పక్కన పెట్టండి సార్. నేను గుంత గట్టు మీదనే ఉంటి. నేనూ విన్నా. ఇన్ని దినాలు నోరు మూసుకున్నా. రాసుకోమ్మా, నా పేరు యేసుప్రసాద్."

"నేనూ విన్నా," అన్నాడు ఇంకొకడు. వాడి వెనక ఇంకొకడు.

సాహితి ఒక్క మాట వదలకుండా జర్మన్‌లో చెప్తోంది. హెల్గా బల్లమీది ఒప్పందం కాగితాలు తీసి తన సంచిలో పెట్టుకుని, ఖాళీ నోటుపుస్తకం తెరిచింది.

ఆ గుంపులో నేలమీద పడనివాడు నూర్ బాషా ఒక్కడే. పెన్ను పట్టుకుని నిలబడి, చుట్టూ మనుషులు ఎందుకు పడ్డారో, ఎందుకు లేచారో, ఎందుకు తనవైపు చూస్తున్నారో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏమైందప్పా?" అని అరిచాడు. "ఎవరన్నా చెప్పండప్పా! ఏమైంది?"

జైనాబ్ కొంగులో తడుముకుంది. సుద్దముక్క ఎక్కడ పెట్టిందో గుర్తురాలేదు.

ఓబులమ్మ పట్టకారు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని, లాన్ దాటి అతని దగ్గరికి పోయింది. అతని వేళ్ళలోంచి పెన్ను తీసి గడ్డిలో పడేసింది. ఆ కుడిచేతిని పిడికిలి చేసి, తన రెండు చేతులతో పట్టుకుని, గాలిలో గుండ్రంగా తిప్పింది, సైరన్ పిడి తిప్పినట్టు. చాలాసేపు తిప్పి ఆపింది. ఒక వేలు చూపించింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సగంలో, పిడి పైకి లేచినచోట, ఆపేసింది. రెండు వేళ్ళు చూపించి, అతని చేతిని వదిలేసింది.

నూర్ బాషా ఆమె ముఖం చూశాడు. గాలిలో ఆగిన తన చేతిని చూసుకున్నాడు.

ఆ చెయ్యి ఆగినచోటి నుంచి తనంతట తానే కదిలింది. రెండో కూత పూర్తి చేసి, దించి, మూడోది మొదలుపెట్టింది. అది కూడా అయిపోయేదాకా ఓబులమ్మ అతని ఎదురుగానే నిలబడి ఉంది. అప్పుడు అందరికీ వినిపించేలా, ఒకటి నుంచి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది.